నెల తిరగకముందే

కిందటి వేసవిలో ఒకనాటి సాయంత్రం మా ఇంటి వసారాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. గేటు చప్పుడైంది. తలెత్తి చూద్దును గదా, నాలుగేళ్ళ కిందట మా కాలేజీలో డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరి, మొదటి బెంచీలో కూర్చుని, ఛందస్సంటే జంకకుండా గణవిభజన చేసే అమ్మాయి! చంకలో పది నెలల పిల్లవాడు. రెండడుగుల వెనక అత్తగారు.

మేడ్చల్లో పుట్టి పెరిగిన పిల్ల. రెండో సంవత్సరం పరీక్షలు కాగానే పెళ్ళి చేసి, శామీర్‌పేట పక్క పల్లెకు పంపించారు. ఎంత దూరం? ఒక బస్సు ప్రయాణం. ఆ కాస్త దూరంలోనే చదువు ఆగిపోయింది. "ఎట్లున్నవమ్మా?" అని అడిగాను. "మంచిగనే వున్న మేడం" అన్నది గాని, అన్న గొంతు మంచిగా లేదు.

పిల్లవాణ్ణి అత్తగారి ఒళ్ళో పెట్టి, మంచినీళ్ళ వంకతో నా వెంట వంటింట్లోకి వచ్చింది. గోడకేసి చూస్తూ అడిగింది.

"మేడం, నాకింక పిల్లలు పుట్టరా?"

పది నెలల పిల్లవాణ్ణి వసారాలో కూర్చోబెట్టి వచ్చిన తల్లి అడగవలసిన ప్రశ్నేనా ఇది? కూర్చోబెట్టి మెల్లగా అడిగితే, సంగతి ముక్కలు ముక్కలుగా బయటికి వచ్చింది.

పిల్లవాడు పాలు తాగుతున్నంత కాలం కడుపు నిలవదని ఇంట్లో అందరి నమ్మకం. ఆ నమ్మకం వమ్మయింది. నెల తప్పింది. చంటివాడు ఇంకా నిలబడనైనా లేదు, అప్పుడే ఇంకొకరా అని భర్త మందుల దుకాణానికి వెళ్ళి, డాక్టరు చీటీ లేకుండానే ఒక గోళీల అట్ట తెచ్చాడు. అట్ట మీద అక్షరాలు ఇంగ్లీషు. దుకాణంలో కుర్రవాడు నోటితో చెప్పినదే వైద్యం. పన్నెండు రోజులు రక్తం పోయింది. అంతటితో అయిపోయిందనుకున్నారు. ఏ దవాఖానకూ వెళ్ళలేదు.

"మా అత్తమ్మ ఏమన్నదంటే, అంత వేడి గోళీలు మింగితే గర్భసంచి కాలిపోతదట. ఇగ రెండేండ్లదాక ఏదీ నిలవదట. ఆయన కూడ నమ్మిండు. ఏడు వారాలైంది మేడం. నాకు మల్ల నెల రాలేదు. నిజంగనే కాలిపోయినట్టున్నది."

ఆ ఇంట్లో ఒకే మాట ఇద్దరికి రెండు విధాలుగా వినిపించింది. "నిలవదు" అన్న మాట భర్తకు అభయం, భార్యకు శాపం. ఇద్దరూ అబద్ధాన్నే నమ్మారు.

నేను తెలుగు చెప్పేదాన్ని, వైద్యం చెప్పేదాన్ని కాను. ఎం.ఏ. చదువుకున్నాను, ప్రబంధ నాయికల దౌహృద లక్షణాలు పుటలకొద్దీ చెప్పగలను. ఏడు వారాలు నెల రాకపోతే అర్థమేమిటో మాత్రం ఆ సాయంత్రం నాకూ తెలియలేదు. మర్నాడు ముగ్గురమూ కలిసి నాకు పరిచయమున్న ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఈ వ్యాసంలో వైద్యపు మాటలు ఆమె నోట విన్నవీ, తరవాత పుస్తకాలు తిరగేసి సరిచూసుకున్నవీను.

ద్రాక్షతీగె చెప్పిన పాఠం

డాక్టరమ్మ మూత్ర పరీక్ష చేయించింది. రెండు గీతలు పడ్డాయి. తరవాత స్కానింగు. పాత గర్భం పోక మిగిలి వుంటే ఈపాటికి దానికి మూడు నెలలు దాటాలి. తెర మీద కనిపించినది ఆరు వారాలది. కొత్త గర్భం! డాక్టరమ్మ క్యాలెండరు ముందు పెట్టుకుని వెనక్కి లెక్కగట్టింది. గోళీలు మింగిన మూడో వారంలోనే అండం విడుదలైంది. అంటే రక్తం ఆగి పది రోజులైనా కాకముందే.

పిల్లలు పుట్టరేమోనని ఏడుస్తూ వచ్చిన పిల్ల, గర్భవతినని తెలిసి నోట మాట లేకుండా కూర్చుంది. అత్తగారు మాత్రం వూరుకోలేదు. "అదెట్లయితది డాక్టరమ్మా? నెల గూడ రాకపాయె!"

డాక్టరమ్మ నవ్వి, "నువ్వు ద్రాక్షతోటల్లో పని చేసినవా అవ్వా?" అని అడిగింది. మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ ఇప్పుడు వెంచర్ల రాళ్ళు పాతిన నేలల్లో ఒకప్పుడు ద్రాక్షపందిళ్ళు వుండేవి. అనాబెషాహి గుత్తులు హైదరాబాదు బజార్లకు ఇక్కడినుంచే బండ్ల మీద పోయేవి. ఆ తరం ఆడవాళ్ళలో పందిళ్ళ కింద కూలికి పోనివారు తక్కువ.

"ఎందుకు చెయ్యలే? పెండ్లి కాకముందుసంది చేసిన."

"కత్తిరింపు వేసినంక తీగె ఎన్ని దినాలకు కన్ను తెరుస్తది?"

"ఎన్ని దినాలు! పది దినాలు గాదు, చిగురొస్తది."

"ఇది కూడ అంతే అవ్వా. తీగె కాలిపోలేదు. కత్తిరించినరు. చిగురేసింది."

ఆ ముసలమ్మకు అర్థమయినంత చక్కగా నాకు అర్థం కావటానికి ఇంకా కొంత వివరం కావలసి వచ్చింది. పాఠకులకూ కావాలేమో.

గర్భం నిలవగానే ఒంట్లో ఒక హార్మోను పుడుతుంది. మూత్ర పరీక్షలో రెండో గీత గీసేది అదే. అది వున్నంత కాలం అండాశయాలకు విశ్రాంతి. గర్భం పోగానే ఆ హార్మోను రోజురోజుకూ పడిపోతుంది. తల లోపల, మెదడు అడుగున వుండే పిట్యూటరీ గ్రంథి అది కనిపెట్టి, అండాశయానికి తిరిగి కబురు పంపుతుంది. గోళీలతో తొలి వారాల్లో గర్భం తీసినప్పుడు ఈ కబురు అందటానికి సగటున మూడు వారాలు పడుతుంది. కొందరిలో 8 రోజులకే అండం విడుదలైనట్టు పరిశోధకులు చూశారు. గోళీల తరవాత రక్తస్రావం సామాన్యంగా తొమ్మిది నుంచి పద్నాలుగు రోజులుంటుంది, చుక్కలు చుక్కలుగా నెల దాకా సాగినా సాగవచ్చు. అంటే ఒకవైపు చారలు కనబడుతూ వుండగానే మరోవైపు మరో గర్భానికి అంతా సిద్ధమై వుండవచ్చునన్నమాట.

ఇక నెల రావటం. నెల వస్తే గాని కడుపు నిలవదనే నమ్మకం మనలో చదువుకున్నవాళ్ళకూ వుంది. మేడ్చల్లో రైలు గేటు దగ్గర నిలబడినవారికి ఇది చెప్పటం సులభం. రైలు వెళ్ళిపోయిన తరవాత గేటు తీస్తారు. నెలసరి ఆ గేటు తీయటం వంటిది. అండం వెళ్ళిపోయి, గర్భం నిలవకపోతే, సుమారు రెండు వారాలకు నెల వస్తుంది. గేటు తీసేదాకా రైలు రాదనుకుని పట్టాల మీద కూర్చున్నవాళ్ళ మాట చెప్పేదేమున్నది?

పాలిచ్చే తల్లికి గర్భం రాదన్న మాటలోనూ సగమే నిజం వుంది. బిడ్డకు ఆరు నెలలు నిండకుండా వుండాలి. రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప మరొకటి పెట్టకూడదు. తల్లికి నెల మళ్ళీ మొదలై వుండకూడదు. ఈ మూడూ వున్నన్నాళ్ళే ఆ రక్షణ. బువ్వ తినే పది నెలల పిల్లవాడి తల్లికి అది వర్తించదు.

"గొడ్రాలు" అన్న మాట

గర్భం తీయించుకుంటే గొడ్రాలవుతుందన్న భయం ఎక్కడినుంచి వచ్చింది? ఊరికే రాలేదు. ఒకప్పుడు పుల్లలూ వేళ్ళూ పసర్లూ పెట్టి కడుపు పోగొట్టిన కాలంలో ఎందరో ఆడవాళ్ళు చచ్చిపోయారు. బతికినవారిలో కొందరికి లోపల చీము పట్టి, గర్భనాళాలు మూసుకుపోయి, మళ్ళీ పిల్లలు కలగలేదు. ఊరు దాన్ని కళ్ళారా చూసింది. చూసినదాన్ని మరచిపోలేదు. ఆ పద్ధతులు పోయినా భయం మిగిలింది.

ఈ గోళీల సంగతి వేరు. మొదటి మందు మిఫెప్రిస్టోన్. 1980లో ఫ్రాన్సులోని రూసెల్ ఉక్లాఫ్ కంపెనీలో తయారయింది. దాని వెనక వున్న శాస్త్రజ్ఞుడు ఎతియెన్ ఎమిల్ బోలియూ. గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టరోన్ అనే హార్మోనుకు అడ్డుపడటం దాని పని. రెండో మందు మైసోప్రొస్టాల్. అది అసలు కడుపులో పుండ్లకు ఇచ్చే మందు. గర్భసంచిని ముడుచుకునేటట్టు చేస్తుందని 1980లలో బ్రెజిల్ దేశపు ఆడవాళ్ళు ముందుగా కనిపెట్టారు. ఆ తరవాత వైద్యులు. మన దేశంలో మిఫెప్రిస్టోన్‌కు 2002లో అనుమతి వచ్చింది. ఈ రెండిటిలో ఏ ఒక్కటీ గర్భసంచిని "కాల్చదు". కొద్ది రోజుల్లో ఒంట్లోంచి వెళ్ళిపోతాయి.

డెన్మార్కులో ఆడవారి ఆరోగ్య వివరాలన్నీ దేశం మొత్తానికి ఒకచోట రాసిపెడతారు. ఆ లెక్కలు తీసి 2007లో ఒక పరిశోధన ప్రకటించారు. గర్భం మొదటి మూడు నెలల్లో గోళీలతో తీయించుకున్నవారు 2,710 మంది, పరికరంతో తీయించుకున్నవారు 9,104 మంది. వీరి తరవాతి గర్భాలు ఎలా నడిచాయో చూశారు. గర్భం నాళంలో నిలవటం, దానంతటది పోవటం, నెలలు నిండకుండా కనటం, బిడ్డ తూకం తగ్గటం, వీటిలో ఏదీ గోళీలవారికి ఎక్కువ కాలేదు.

అయితే భయపడవలసినదేదీ లేదా? వుంది. గోళీలు పూర్తిగా పనిచేయక లోపల కొంత మిగిలిపోవటం, దానికి చీము పట్టటం. గర్భం గర్భసంచిలో గాక నాళంలో నిలిచి వుంటే ఈ గోళీలకు అది పోదు, నాళం పగిలి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ముందు డాక్టరు చూడాలనటం. గంటకు రెండేసి చొప్పున రెండు గంటలు వరసగా ప్యాడ్లు తడిసిపోతున్నా, గోళీలు వేసుకున్న మర్నాటికీ జ్వరం తగ్గకపోయినా, దుర్వాసన వున్నా, కళ్ళు తిరిగి పడిపోయినా, తట్టుకోలేని నొప్పి ఒక పక్కన వున్నా, తెల్లవారేదాకా ఆగకూడదు. అసలు రక్తమే కనబడకపోయినా డాక్టరును చూడాలి. బిడ్డలు కలగకుండా చేసేది గోళీ కాదు, పట్టించుకోని చీము.

మన దేశంలో 2015 సంవత్సరంలో సుమారు 1 కోటి 56 లక్షల గర్భాలు తీయించుకోవటం జరిగిందని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా కట్టింది. అందులో నూటికి 81 గోళీలతో జరిగినవి. నూటికి 73 ఏ దవాఖాన గడపా తొక్కకుండా, గోళీలతోనే, బయట జరిగినవి. మా అమ్మాయి కథ ఒక్క ఇంటి కథ కాదని తెలియటానికి ఆ ఒక్క అంకె చాలు.

ఒక్క సంగతి నా మనసులో ముల్లులాగా గుచ్చుకుంటుంది. శామీర్‌పేట దగ్గర తుర్కపల్లిలో, జీనోమ్ వ్యాలీలో, ప్రపంచానికంతటికీ టీకాలు తయారవుతాయి. ఇటు మేడ్చల్ మండలంలో, ఘనపూర్ మెడిసిటీ ఆవరణలోని షేర్ ఇండియా సంస్థవారు 2009–2011 మధ్య చుట్టుపక్కల పల్లెల నుంచి 1227 మంది యువతులను, గర్భం రాకముందో వచ్చిన తొలి నెలల్లోనో నమోదు చేసుకుని, కాన్పు దాకా వెంట నడిచి, అమెరికా విశ్వవిద్యాలయంతో కలిసి అధ్యయనం చేశారు. ఈ పల్లెల గర్భిణుల సంగతి పరదేశపు పత్రికల్లో అచ్చయింది. అదే పల్లెలో ఒక ఇంటర్ పాసయిన కుర్రవాడు గోళీల అట్ట తెచ్చి భార్య చేతిలో పెట్టేటప్పుడు, మూడు వారాల లెక్క అతని చెవిన వేసేవాళ్ళు లేరు.

ఎడ

మా నాయనమ్మ "ఎడ" అనే మాట వాడేది. "ఆ పిల్లకు కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడ లేదమ్మా, ఒళ్ళు గుల్లయింది" అనేది. గర్భనిరోధం అన్న మాట పుస్తకాల్లో వుంది. ఏ వాకిట్లోనూ వినపడదు. ఎడ అన్న చిన్న మాట మనది. దాన్ని మరచిపోయి ఒక ఇంగ్లీషు మాటను తెచ్చుకున్నాం, "ఆపరేషన్".

తెలంగాణలో "ఆపరేషన్ అయిందా?" అని ఒక ఆడమనిషి ఇంకొక ఆడమనిషిని అడిగితే, ఏ ఆపరేషన్ అని ఎదురుప్రశ్న వుండదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పెళ్ళయి, 15–49 మధ్య వయసున్న ఆడవాళ్ళలో నూటికి 62 మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవారే. మిగిలిన పద్ధతులన్నీ కలిపినా నూటికి పది దాటవు. దేశం మొత్తం మీద మగవారి ఆపరేషన్ నూటికి ఒక్కటి కూడా లేదు. కత్తీ కుట్టూ లేకుండా, కొద్ది నిమిషాల్లో అయిపోయేది అదే అయినా! ఎమర్జెన్సీ కాలంలో, 1975–77 మధ్య, మగవారిని పట్టుకుపోయి చేసిన బలవంతపు ఆపరేషన్ల తరవాత ప్రభుత్వాలు అటువైపు చూడటం మానేశాయి. భారమంతా ఆడదాని పొట్ట మీదికి వచ్చింది. ఆ భారం ఎంతటిదో 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నం చూపించింది. ఒక్కరోజు శిబిరంలో 34 మందికి ఆపరేషన్లు చేస్తే, నలుగురు తల్లులు చనిపోయారు.

పెళ్ళికీ ఆపరేషన్‌కూ మధ్య నాలుగైదేళ్ళు. ఆ నాలుగైదేళ్ళకు మన ఇళ్ళల్లో ఏ ఏర్పాటూ లేదు. నమ్మకాలున్నాయి, మందుల దుకాణం వుంది. రెండిటికీ మధ్య నలిగిన పిల్లనే నేను చూశాను. మా అమ్మాయి అత్తగారు డాక్టరమ్మ గదిలో మొదట అడిగినదీ అదే. "ఒక్కటే పిల్లగాడున్నడు గాని, ఇన్ని తిప్పలెందుకు, ఆపరేషన్ చేసేయరాదు?" ఇరవై రెండేళ్ళ పిల్లకు!

"నీకెన్నేండ్లకు చేసిన్రవ్వా?" అన్నది డాక్టరమ్మ.

"ఇరవై మూడేండ్లకు. ముగ్గురైనంక."

"ఆనాడు ఇంకొక దారి వున్నదని ఎవరన్న చెప్పిన్రా?"

ముసలమ్మ జవాబు చెప్పలేదు. మనవడి చొక్కా గుండీ పెడుతూ కూర్చుంది.

మూడో రోజున

గోళీలతో గర్భం తీసే పద్ధతికి మన ప్రభుత్వం పెట్టిన క్రమంలో మూడు రాకలున్నాయి. మొదటి రోజున మొదటి మందు, మూడో రోజున రెండో మందు, పదిహేనో రోజున గర్భం పూర్తిగా పోయిందో లేదో చూడటం. తొమ్మిది వారాలలోపు గర్భానికే ఇది. ఈ పదిహేనో రోజుకు ఎంతమంది వస్తారని డాక్టరమ్మను అడిగాను. రక్తం తగ్గితే ఎందుకు వస్తారన్నది. ఎడ సంగతి మాట్లాడటం ఆ రాని రోజుకు వాయిదా వేస్తే, ఎనిమిదో రోజునే అండం విడుదలయ్యేవారి గతి ఏమిటి?

అందువల్ల మాట్లాడవలసినది మొదటి రోజునే. మాత్రలైనా, సూదిమందైనా రెండో మందు వేసుకునే మూడో రోజునే మొదలుపెట్టవచ్చు. మొదటి రోజునే మొదలుపెట్టినా సరేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మొదటి రోజునే సూదిమందు వేస్తే గర్భం పోకుండా నిలిచే అవకాశం స్వల్పంగా పెరుగుతుందని కూడా చెబుతుంది. రక్తం పూర్తిగా ఆగాలనీ, నెల వచ్చి పోవాలనీ కాచుకు కూర్చోనక్కరలేదు. భార్యాభర్తలు మళ్ళీ కలిసే మొదటిరోజు నుంచే నిరోధ్ వాడవచ్చు. మిగతావాటి కన్న ఒక్క మేలు ఎక్కువ, సుఖవ్యాధులను కూడా ఆపుతుంది. కాపర్‌-టి మాత్రం గర్భం పూర్తిగా పోయిందని తేలాకనే, కాబట్టి పదిహేనో రోజున. ఆడవారి ఆపరేషన్ కావలసివస్తే, గోళీల తరవాత ఒక నెల వచ్చి పోయాక.

మాత్రల్లో మాలా-ఎన్ పాతది, రోజుకొకటి చొప్పున వేసుకోవాలి. బిడ్డకు ఆరు నెలలు నిండని, పాలిచ్చే తల్లులకు పనికిరాదు. ఛాయా అనే మాత్ర లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టిన మందు. 1991లో సహేలీ పేరుతో బజారుకు వచ్చింది. దానిలో హార్మోను లేదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తరవాత వారానికి ఒకటి. పాలిచ్చే తల్లులూ వేసుకోవచ్చు. మొదట్లో నెల కాస్త ఆలస్యంగా రావచ్చు. భయపడి మానేయకుండా ముందే చెప్పాలి. అంతరా మూడు నెలలకొక సూది. దాని తరవాత నెల క్రమం తప్పటం మామూలే. సూది మానేశాక పిల్లలు కావాలనుకుంటే ఏడెనిమిది నెలలు, ఒక్కోసారి ఇంకా కొంత పట్టవచ్చు. అదీ ముందే చెప్పాలి, లేకపోతే మళ్ళీ "కాలిపోయింది" కథ మొదలవుతుంది. ఇవన్నీ సర్కారు దవాఖానలో డబ్బు లేకుండా ఇస్తారు. ఆశా కార్యకర్తను అడిగినా నిరోధూ మాత్రలూ దొరుకుతాయి. రక్తపోటో, తలలో ఒక పక్క వచ్చే పోటో, మరే జబ్బో వుంటే ఏది తగునో డాక్టరే చెప్పాలి.

మళ్ళీ బిడ్డ కావాలనుకునేవారికి ఎంత ఎడ వుండాలి? గర్భం పోయిన తరవాత కనీసం ఆరు నెలలు ఆగటం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో కూర్చిన నిపుణులు సలహా ఇచ్చారు. ఒళ్ళు తేరుకోవటానికీ, పోయిన రక్తం పట్టటానికీ అంత కావాలని దాని భావం. ఆరు నెలల లోపల వచ్చిన గర్భాలన్నీ చెడతాయని కాదు. తరవాతి పరిశోధనల్లో అంత భయం కనిపించలేదు.

ఎవరి సంతకం?

డాక్టరమ్మ గదిలో అత్తగారు అడిగిన రెండో ప్రశ్న, "మా పిలగాని సంతకం వద్దా?" అక్కరలేదు. పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలు. భర్తదీ వద్దు, అత్తదీ వద్దు. పద్దెనిమిది నిండని పిల్లకు మాత్రం సంరక్షకుల సంతకం కావాలి. ఈ మాట నిన్నటిది కాదు, 1971లో చేసి 1972 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన చట్టంలోనే వుంది. 2021లో సవరించారు. గర్భం రాకుండా వాడిన పద్ధతి విఫలమైనప్పుడు గర్భం తీయించుకునే వీలు అంతవరకు పెళ్ళయినవారికే వుండేది. ఆ సవరణతో ఏ స్త్రీకైనా వచ్చింది. ఇరవై వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. ఆమె పేరు బయటపెట్టకూడదని కూడా కట్టడి వుంది. పెళ్ళికాని స్త్రీని వేరుచేసి చూడరాదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న తీర్పు చెప్పింది.

మా కాలేజీలో ఆడపిల్లలకు ఈ సంగతి చెబుదామని ఒకసారి మొదలుపెడితే, స్టాఫ్ రూములో ఒక పెద్దమనిషి, "తెలుగు మేడం గారికి ఈ పాఠం సిలబస్‌లో వుందా?" అని హాస్యమాడారు. లేదు. శృంగార నైషధం వుంది.

ఇక మా అమ్మాయి సంగతి. ఆ రోజు ఏమీ తేల్చలేదు. ఇంటికి వెళ్ళి రెండు రోజులు ఆలోచించుకుని రమ్మన్నది డాక్టరమ్మ. నన్నడిగితే నేను ఏ మాటా చెప్పలేదు. ఒళ్ళు ఆమెది, బిడ్డను పెంచవలసినదీ ఆమే. మూడో రోజున భర్తతో కలిసి వచ్చింది. ఆ కుర్రవాడు తల వంచుకుని, "ఆ గోళీలు నేనే తెచ్చిన మేడం, నాకెవరు జెప్పలే" అన్నాడు. కోపం తెచ్చుకుందామనుకున్నాను గాని రాలేదు. అతనికి పాతికేళ్ళు. రాత్రి షిఫ్టు చేసి, నిద్ర లేకుండా, పెట్టెలు మోసిన చేతుల్తో కొడుకును ఎత్తుకుని వచ్చాడు.

ఈసారి ఆమె గోళీలు వద్దన్నది. మూడుసార్లు రావటం కుదరదు, మళ్ళీ పన్నెండు రోజుల రక్తం భరించలేనన్నది. ఆరు వారాల గర్భమే కాబట్టి దవాఖానలో గాలితో లాగే చిన్న పరికరంతో తీశారు. కొద్ది నిమిషాల పని. గోళీలకు పదిహేను రోజులు ఆగవలసిన కాపర్‌-టిని ఈ పద్ధతిలో అదే బల్ల మీద, అప్పుడే వేయవచ్చునట. వేశారు. సాయంత్రానికి ఇంటికి వెళ్ళింది.

అత్తగారు బయట బెంచీ మీద నా పక్కన కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి గొంతు తగ్గించి, "మేడం, ఆ వారానికొక గోళీ అన్నరు గదా. మా చిన్నబిడ్డ మేడ్చల్ల వుంటది. నాలుగు నెలల పిల్ల వున్నది. దానికి ఇయ్యొచ్చా?" అన్నది.

ఇవ్వవచ్చు గాని మొదటి మూడు నెలలు వారానికి రెండని గుర్తు చేశాను. మరచిపోతానని కాగితం మీద రాయించుకున్నది. చదవటం రాదు, కాని కాగితం మడిచి రవికెలో పెట్టుకున్నది.

నెలన్నర తరవాత మా అమ్మాయి ఒంటరిగా వచ్చింది, చూపించుకుని పోవటానికి. దవాఖానవారు ఇచ్చిన కార్డు నా చేతిలో పెట్టింది. కాపర్‌-టి వేసిన తారీఖు ఒక పక్కన, తీయించుకోవలసిన చివరి తారీఖు ఇంకొక పక్కన. మధ్యలో పదేళ్ళు. బిడ్డ కావాలనుకున్న రోజున ముందే తీయించుకోవచ్చునని డాక్టరమ్మ చెప్పిందట.

"బాబు బడికి పోయినంకనే ఇంకొకరు మేడం," అన్నది. తరవాత కాస్త సిగ్గుపడి, "ఓపెన్ డిగ్రీ ఫారాలు ఎప్పుడిస్తరు?" అని అడిగింది.